ఆషాఢంలో ఒక ఆదివారం: విశాఖలో పెదవితో ఊదేవాళ్ళందరం కలుద్దామా?

మద్దిలపాలెం హార్న్ · జూన్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఇరవై రెండేళ్ళుగా ఫ్రెంచ్ హార్న్ (చుట్ట చుట్టిన ఇత్తడి గొట్టం బూర) ఊదుతున్నాను. బడి బ్యాండులో నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చాక కోల్‌కతాలో పాత హార్న్ ఒకటి కొనుక్కున్నాను. అప్పట్నుంచి రోజూ సాయంత్రం మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని ఊదుకుంటాను. కింది వాటావాళ్ళు మంచివాళ్ళు, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. కానీ ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో నా పక్కన కూర్చుని ఇంకో హార్న్ ఎత్తిన మనిషి దొరకలేదు.

ఈ వాద్యం ఒంటరిగా మోగడానికి పుట్టింది కాదండీ. ఆర్కెస్ట్రాలో మామూలుగా నలుగురు వరసగా కూర్చుంటారు. ఒకరు స్వరం పట్టుకుంటే దాని మీద ఇంకొకరు తమ స్వరం నిలబెడతారు. నా దగ్గరున్న పాఠాల పుస్తకంలో సగం ఇద్దరికోసం రాసినవే. ఆ రెండో వరస మనసులో వినుకుంటూ మొదటి వరస ఊదుతుంటాను.

హార్న్ వాళ్ళకి 1970లో మొదలైన అంతర్జాతీయ హార్న్ సొసైటీ ఉంది. ఏటా ఏదో ఒక దేశంలో కలుస్తారు. అదికాక ఎక్కడికక్కడ ప్రాంతాలవారీగా చిన్న కలయికలు జరుగుతుంటాయి. నిన్న కొన్న పిల్లాడూ, నలభై ఏళ్ళు ఆర్కెస్ట్రాలో పనిచేసిన పెద్దాయనా పక్కపక్కన కూర్చుని ఊదుతారు. అలాంటిది మన దగ్గర ఎందుకు ఉండకూడదు?

ఉత్తరాంధ్రలో హార్న్ వాళ్ళనే పిలిస్తే బల్ల నిండదు. అందుకని పెదవి అదిరితే మోగే వాద్యం ఏదైనా రమ్మంటున్నాను. హార్న్, ట్రంపెట్, కార్నెట్, బ్యూగిల్, ట్రాంబోన్, యూఫోనియం, ట్యూబా. శంఖం, కొమ్ము కూడా. పెళ్ళి బ్యాండైనా, చర్చి అయినా, సర్వీసులో చేసి రిటైరైనా, నిన్ననే మొదలుపెట్టినా సరే. పోటీ లేదు, బహుమతి లేదు. ఒక రోజు కలిసి ఊదుదాం. ఎప్పుడు, ఎక్కడ, ఏం ఊదుదాం? చెప్పండి.

అనకాపల్లి బ్యాండ్ మేస్త్రి · జూన్ 4, ఉదయం 7:15

మంచి ఆలోచన బాబూ. కానీ ముహూర్తాల రోజుల్లో పెడితే మావాళ్ళు ఒక్కడు కూడా రాడు. పెడితే ఆషాఢంలో పెట్టండి. ఆ నెల పెళ్ళిళ్ళుండవు, మా వాయిద్యాలు గోడకి వేలాడుతుంటాయి. కుర్రాళ్ళు కొందరు పెయింటింగు పనికి పోతారు, కొందరు ఆటో తోలుకుంటారు. శ్రావణం రాగానే మళ్ళీ బయానాలు మొదలు. అప్పుడు మమ్మల్ని పట్టుకోలేరు.

రెండు సంగతులు ముందే చెప్పాలి. ఒకటి, మాకు నొటేషన్ రాదు. నేను ముప్పై ఏళ్ళుగా ట్రంపెట్ ఊదుతున్నాను, మూడుసార్లు వింటే ఏ పాటైనా వస్తుంది. కాగితాలిచ్చి చూసి ఊదమంటే మావాళ్ళు లేచి వచ్చేస్తారు.

రెండోది చెప్పకూడదనుకున్నాను గానీ చెప్తాను. నిరుడు ఒక పెద్ద హాల్లో ఫంక్షన్. మూడు గంటలు ఊరేగింపులో ఊదాం. మా కుర్రాడికి పెదవి చిట్లి రక్తం కారింది. భోజనాలప్పుడు బ్యాండువాళ్ళు జనరేటరు దగ్గర కూర్చోండి, అందరూ తిన్నాక పంపిస్తాం అన్నారు. డీజిల్ పొగలో కూర్చున్నాం. మీరు పిలిచేచోట అలా ఉండదని చెప్పండి, పదిమందిని తీసుకొస్తాను.

మద్దిలపాలెం హార్న్ · జూన్ 4, ఉదయం 8:02

మేస్త్రి గారూ, ఉండదు. ఒకే పంక్తి, నేనూ మీ పక్కనే. ఆషాఢం మాట నాకు తట్టనే లేదు, చాలా థాంక్సండీ.

జ్ఞానాపురం ట్రంపెట్ · జూన్ 4, సాయంత్రం 5:50

ఆదివారమైతే నాకూ, మా కాయిర్‌లో ఉన్న ఇంకో ఇద్దరికీ పొద్దున్న ఆరాధన ఉంటుంది. పన్నెండున్నరకి గానీ బయటపడం. మధ్యాహ్నం నుంచి పెడితే తప్పక వస్తాం.

ఇంకో మాట. నేను ఆడపిల్లని. ట్రంపెట్ పట్టుకుని బస్సెక్కితే అందరూ చూస్తారు, అది అలవాటైపోయింది. కానీ రాత్రి పొద్దుపోయేదాకా పెట్టొద్దు, ఆరింటికల్లా వదిలేయండి. బాత్రూము ఉన్న చోటు చూడండి. ఇంత చిన్న విషయానికే చాలామంది ఆడవాళ్ళు ఇలాంటివాటికి రాకుండా ఆగిపోతారు. ఇక్కడ ఇంకెవరైనా అమ్మాయిలు ఊదేవాళ్ళున్నారా?

భీమిలి బడి మాస్టారు · జూన్ 4, రాత్రి 8:30

తేదీ చూసుకోవాలి. ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. ముప్పై రెండు కిలోమీటర్లు లక్షలమంది నడుస్తారు. హనుమంతవాక నుంచి బీచి రోడ్డు దాకా ట్రాఫిక్ మళ్ళిస్తారు, బస్సులు దొరకవు. ఈసారి అది జులై 9, బుధవారం. తర్వాత వచ్చే ఆదివారం 13 అయితే అందరికీ బాగుంటుంది. నడిచినవాళ్ళకి కాళ్ళ నొప్పులు కూడా తగ్గుతాయి.

మా బళ్ళో పిల్లలకి బ్యూగిళ్ళున్నాయి, ఆరు. ఆగస్టు 15కి, జనవరి 26కి తప్ప బీరువాలోంచి బయటికి రావు. దానికి స్వరం మార్చడానికి వేలితో నొక్కే వాల్వులుండవు కదా, వచ్చేవి అయిదు స్వరాలు: కింది స, ప, పై స, గ, ప. ఇంతే వచ్చే పిల్లల్ని తీసుకొస్తే మీకు అడ్డమవుతారా?

మల్కాపురం యూఫోనియం · జూన్ 4, రాత్రి 10:11

మాస్టారూ, తీసుకురండి. నేను సర్వీసు బ్యాండులో ఇరవై నాలుగేళ్ళు చేశాను. నా మొదటి ఏడాదంతా బ్యూగిలే. ఆ అయిదు స్వరాలే పునాది. వాల్వు అనేది పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. అంతకుముందు హార్న్ అయినా, ట్రంపెట్ అయినా చాలావరకు గొట్టం ఇచ్చే స్వరాలతోనే పాడుకున్నాయి.

అయితే ఒక విషయంలో మేస్త్రి గారితో నేను ఏకీభవించను. పాతికమంది కలిసి ఊదాలంటే కాగితం కావాలి. చెవితో ఊదేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో చోట ఎత్తుకుంటారు, ఒక్కో చోట ఊపిరి తీసుకుంటారు. పాట ఉంటుంది, బ్యాండు ఉండదు. సులువైన స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద చుక్కలతో రాసేది) ఒక పేజీ నేను రాసిస్తాను, నెల రోజుల టైముంది, నేర్చుకోవచ్చు.

అనకాపల్లి బ్యాండ్ మేస్త్రి · జూన్ 5, ఉదయం 6:40

పన్నెండుమందిమి నడుస్తూ, జనం మధ్యలో, బాణసంచా పేలుతుంటే కలిసి ఊదుతాం సార్. కాగితం లేకుండానే. మావాళ్ళది బ్యాండు కాదన్నారు, అది నాకు నచ్చలేదు. రావడం గురించి ఆలోచిస్తాను.

మల్కాపురం యూఫోనియం · జూన్ 5, ఉదయం 9:25

మేస్త్రి గారూ, మాట తప్పుగా వచ్చింది, క్షమించండి. నడుస్తూ ఊదడం ఎంత కష్టమో నాకు తెలుసు. అడుగు పడినప్పుడల్లా పెదవికి ఆనించే మౌత్‌పీస్ పళ్ళకి కొడుతుంది. మీరు రాకపోతే ఈ కలయికకి అర్థం లేదు.

జ్ఞానాపురం ట్రంపెట్ · జూన్ 5, మధ్యాహ్నం 1:20

పెద్దవాళ్ళిద్దరికీ ఒక మాట చెప్పనా? మా పాటల పుస్తకంలో కొన్ని పాటలకి సరిగమలు తెలుగు అక్షరాల్లోనే రాసుకున్నాం. స రి గ మ రాసి, కింద తాళం గీతలు. మా తాతమ్మ కూడా చదువుతుంది. స్టాఫ్ రానివాళ్ళకి ఇది పది నిమిషాల్లో వస్తుంది.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఒకే స్వరాన్ని ఒక్కో వాద్యంవాళ్ళు ఒక్కో పేరుతో రాసుకుంటారు, ఆ గొడవతో కొట్టుకోనక్కర్లేదు. అందరికీ స అంటే ఇంగ్లీషు స్వరాల్లో బి ఫ్లాట్ అనుకుందాం. ట్రంపెట్ వాళ్ళకి అది తమ సి. హార్న్ అన్నకి అది ఎఫ్ అవుతుంది. యూఫోనియం అంకుల్ ట్రెబుల్ క్లెఫ్‌లో (క్లెఫ్ అంటే స్టాఫ్ గీతల మీద ఏ స్వరం ఎక్కడో చెప్పే గుర్తు) చదివితే సి, బేస్ క్లెఫ్‌లో అయితే నేరుగా బి ఫ్లాట్. కాగితం మీద మాత్రం అందరికీ స. నాలుగు రకాల పేజీలు రాసే పని తప్పుతుంది.

మద్దిలపాలెం హార్న్ · జూన్ 5, మధ్యాహ్నం 2:05

ఇదే. నేను వారం రోజులుగా నాలుగు వరసలు రాస్తూ కూర్చున్నాను. అవన్నీ పక్కన పెట్టేస్తున్నాను.

అనకాపల్లి బ్యాండ్ మేస్త్రి · జూన్ 5, రాత్రి 9:00

సరిగమలంటే మా గురువు నోటితో నేర్పాడు. చదవడం అవసరం పడలేదంతే. చూస్తాం. వస్తాం.

సింహాచలం సన్నాయి · జూన్ 7, సాయంత్రం 6:30

మాది నాలుగు తరాలుగా సన్నాయి వాయించే ఇల్లు. మాది పెదవి అదిరే వాద్యం కాదు. రెల్లుతో చేసిన పీక అదురుతుంది, పెదవి దాన్ని పట్టి ఉంచుతుంది. మీ లెక్కలో మేం రాము కదా? విని వెళ్ళిపోయినా చాలు.

మద్దిలపాలెం హార్న్ · జూన్ 7, సాయంత్రం 7:10

అయ్యా, మీరు రాకపోతే ఎలా! విని వెళ్ళడం కాదు, మాకు నేర్పాలి. నాకో సందేహం కూడా ఉంది. వాల్వు ముట్టుకోకుండా నా పన్నెండడుగుల గొట్టంలో పై స్థాయి స నుంచి పైకి ఒక్కో మెట్టూ ఎక్కితే స, రి, గ శుద్ధంగా వస్తాయి. తర్వాత మ మాత్రం దాని రెండు రకాలు, శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ నడుమ ఎక్కడో నిలబడుతుంది. ప బాగుంటుంది. ద కొంచెం కిందికి, ని ఇంకాస్త కిందికి ఉంటాయి. హార్న్ పుస్తకాలన్నీ వీటిని శ్రుతి తప్పిన స్వరాలంటాయి, చెయ్యి పెట్టి సరిచేసుకోమంటాయి. మీ చెవికి ఏమనిపిస్తుంది?

సింహాచలం సన్నాయి · జూన్ 7, రాత్రి 8:45

చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పైకి జరిగిన మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. వాచస్పతి రాగం కదండీ అది! అరవై నాలుగో మేళకర్త, అంటే మూలరాగం. మీ గొట్టం దానంతటది వాచస్పతి దగ్గరికి నడుస్తోంది. తప్పు స్వరాలనకండి. నేను వస్తున్నాను.

మల్కాపురం యూఫోనియం · జూన్ 7, రాత్రి 9:30

ఇరవై నాలుగేళ్ళు ఊదాను, ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఇప్పుడే వాల్వు వదిలేసి ఊది చూశాను. నిజమే.

శ్రీకాకుళం బాకా · జూన్ 9, ఉదయం 11:15

నానూ వస్తాను. మా తాత దున్నకొమ్ము ఊదీవోడు, అమ్మోరి పండక్కి. దాని మూతి దగ్గిర ఇత్తడి కట్టు ఉండీది. ఊదితే పొలిమేర దాకా వినబడీది. ఆయన ఎల్లిపోయాక ఆ కొమ్ము మా ఇంట్లో దూలానికి ఏలాడతంది. నాకు బాకా వచ్చును గానీ కొమ్ము ఊదడం రాదు. దాన్ని తెమ్మంటారా? ఎవరైనా సెప్తారా దాన్నెలగ ఊదాలో?

పొద్దున్న రైలెక్కితే టైముకి వచ్చీగలను. రాత్రికి ఎనక్కి రావాలి, పశువులున్నాయి.

మద్దిలపాలెం హార్న్ · జూన్ 9, మధ్యాహ్నం 12:30

తప్పకుండా తెండి అన్నా. స్టేషనుకి నేనొస్తాను. శంఖం, కొమ్ము, నా హార్న్ అన్నీ ఒక వంశమే. నా వాద్యం పేరే హార్న్, అంటే కొమ్ము. మీ ఇంట్లో దూలానికి ఉన్నది మా అందరికీ ముత్తాత.

ఒక చిన్న మనవి. ఇంటి దగ్గర దాన్ని ఊదకండి, లోపల పురుగుండొచ్చు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి. వేడినీళ్ళు వద్దు, కొమ్ము మెత్తబడి వంకరపోతుంది.

గోపాలపట్నం రిపేరు · జూన్ 10, రాత్రి 8:00

నేను బ్యాండు వాయిద్యాలు బాగుచేస్తాను. ఆ రోజు పనిముట్లు పట్టుకొస్తాను, చిన్న పనులకి డబ్బు వద్దు. అప్పటిదాకా దయచేసి ఇవి చెయ్యకండి.

చింతపండుతో తోమకండి. ఇంట్లో ఇత్తడి బిందె తోమినట్టు ట్రంపెట్ తోమి తెచ్చేవాళ్ళు నెలకి ఇద్దరుంటారు. పులుపుకీ రాపిడికీ పైనున్న లక్క పూత పోతుంది, తర్వాత మన సముద్రపు గాలికి ఇత్తడే దెబ్బతింటుంది. మౌత్‌పీస్ దూర్చే లీడ్ పైపు మీద ఎర్రటి చుక్కలు, చుట్టూ గులాబీ రంగు కనబడితే ఇత్తడిలోంచి జింకు పోయి రాగి మిగిలిందని అర్థం. ఆ చోట గోరుతో నొక్కినా సొట్ట పడుతుంది. అతుకు వెయ్యాల్సిందే, పాలిష్ చేస్తే పోయేది కాదు. ఇది లోపలి నుంచి కూడా వస్తుంది. తిన్న వెంటనే నోరు పుక్కిలించకుండా ఊదితే వచ్చేదే.

వాల్వుల్లో కొబ్బరినూనె పోయకండి. చలికాలం తెల్లారగట్ల పేరుకుంటుంది, పిస్టన్ లేవదు. కుట్టుమిషను నూనె చిక్కన, ఏదీ లేనప్పుడు మాత్రమే. వాల్వు నూనె సీసా ఒకటి కొనుక్కుంటే ఏడాది వస్తుంది.

స్లైడు (శ్రుతి సరిచేసుకోడానికి లాగే జారుడు గొట్టం) బిగుసుకుపోతే కటింగ్ ప్లేయరుతో లాగొద్దు. నా దగ్గరికొచ్చే మీరట్‌లో తయారైన వాయిద్యాల్లో సగం ఇలా విరిగిపోయి వచ్చేవే. మంచి వాయిద్యాలవి, మనమే పాడుచేసుకుంటున్నాం.

కార్నెట్ నేర్చుకుంటున్నా · జూన్ 12, మధ్యాహ్నం 3:40

నాకు యాభై ఒకటి. మా అబ్బాయి బళ్ళో వాయించిన కార్నెట్ అటక మీద ఉంటే మార్చిలో దింపాను. నాలుగు స్వరాలు వస్తాయి, అయిదోది ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇంట్లో అందరూ పడుకున్నాక దుప్పటి కప్పుకుని ఊదుతాను. ఇక్కడ మీరు మాట్లాడుకునేవి సగం అర్థం కాకపోయినా రోజూ చదువుతున్నాను. రావచ్చా?

జ్ఞానాపురం ట్రంపెట్ · జూన్ 12, మధ్యాహ్నం 3:52

రండి ఆంటీ! నా పక్కనే కూర్చోండి. అయిదో స్వరం రావట్లేదంటే మౌత్‌పీస్‌ని పెదవికి గట్టిగా అదుముతున్నారేమో చూసుకోండి. పెదవి మీద గుండ్రటి ఎర్రటి అచ్చు చాలాసేపు ఉంటోందా?

కార్నెట్ నేర్చుకుంటున్నా · జూన్ 12, సాయంత్రం 4:10

ఉంటోందమ్మా. అరగంట పోదు.

జ్ఞానాపురం ట్రంపెట్ · జూన్ 12, సాయంత్రం 4:18

అయితే అదే. కార్నెట్ పక్కన పెట్టి ముందు ఉత్త పెదవులతో తేనెటీగలా అదిరించండి, రోజూ అయిదు నిమిషాలు. తర్వాత మౌత్‌పీస్ ఒక్కటే రెండు వేళ్ళతో పట్టుకుని ఊదండి, గట్టిగా పట్టుకుంటే అదమాలనిపిస్తుంది. పైకి వెళ్ళాలంటే అదుము పెంచకూడదు, గాలి వేగం పెరగాలి. వారంలో తేడా తెలుస్తుంది.

మద్దిలపాలెం హార్న్ · జూన్ 22, రాత్రి 9:00

జులై 13, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరు వరకు. మా కాలనీ కమ్యూనిటీ హాలు ఇచ్చారు, రెండు బాత్రూములున్నాయి. భోజనం మా వీధివాళ్ళు వండుతున్నారు: పులిహోర, పప్పు, గుత్తొంకాయ, పెరుగు. కాకపోతే తిన్న వెంటనే ఊదలేం, కాబట్టి ఒంటిగంటకి భోజనం, రెండుంబావుకి వాద్యాలు.

పాట సంగతి. ముత్తుస్వామి దీక్షితులు గారి నోట్టుస్వరం ‘శక్తి సహిత గణపతిం’ తీసుకుందామా? దీక్షితులు గారు మద్రాసు దగ్గరున్నప్పుడు కుంపిణీ వాళ్ళ బ్యాండు విని, ఆ బాణీలో శంకరాభరణ స్వరాల్లో కట్టినవి ఇవి. ఇంగ్లీషు వాళ్ళ రాజగీతం మెట్టుకి కూడా ఆయన సంస్కృతంలో సాహిత్యం రాశారు. సంగీతం నేర్చుకున్న ప్రతి పిల్లకీ వస్తాయి, గమకాల బరువు లేదు. బ్యాండు నుంచి పుట్టిన పాట మళ్ళీ బ్యాండుకి వస్తుంది.

సరిగమల్లో రాసి ఇక్కడ పెడుతున్నాను. మూడు వరసలు: అన్నీ వచ్చినవాళ్ళకి ఒకటి, నెమ్మదిగా సాగేది ఒకటి, స ప మాత్రమే పట్టి నిలిపేది ఒకటి. మూడోది బ్యూగిల్ పిల్లలకీ, కార్నెట్ అమ్మగారికీ. ఊరికే నింపడానికి రాసింది కాదది. అది లేకపోతే పైరెండూ గాల్లో వేలాడతాయి.

మల్కాపురం యూఫోనియం · జూన్ 23, ఉదయం 7:30

శ్రుతి గురించి ఒక హెచ్చరిక. గొట్టంలో గాలి వేడెక్కితే స్వరం పైకి పోతుంది. డిగ్రీకి ఇంచుమించు మూడు సెంట్లు (అర స్వరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కోటి ఒక సెంటు). ఇరవై డిగ్రీలకి సరిపెట్టిన వాయిద్యం మన జులై ఉక్కలో ముప్పై రెండు డిగ్రీలకి పోతే, అర స్వరంలో మూడో వంతు పైకి ఎక్కినట్టే. ఫోనులో ట్యూనర్ చూసి ఎవరూ కంగారుపడొద్దు. పావుగంట అందరం నెమ్మదిగా స పట్టి వేడెక్కాక, ఒకరినొకరు విని స్లైడు లాగుకుందాం. మెయిన్ స్లైడులు కదిలేలా గ్రీజు పెట్టుకుని రండి. సన్నాయి గారికి మాత్రం కష్టమే. ఆయన శ్రుతికి మనం దిగగలమో లేదో ఆ రోజే తెలియాలి.

భీమిలి బడి మాస్టారు · జులై 13, రాత్రి 10:20

ఇంటికి చేరాం. పిల్లలు బస్సులో నిద్రపోయారు. ఒకడు నిద్రలో కూడా పెదవులు అదిరిస్తున్నాడు.

రానివాళ్ళ కోసం రాస్తున్నాను. ముప్పై నలుగురు వచ్చారు. రెండింటికి జోరుగా వాన. హాలు పైకప్పు రేకులు కావడంతో మొదట మాటే వినబడలేదు. ఫ్యాన్లు వేస్తే కాగితాలు ఎగురుతున్నాయి, ఆపితే చెమట. చివరికి ఫ్యాన్లు ఆపేసి కాగితాలకి బట్టలారేసే క్లిప్పులు పెట్టాం. అప్పుడు యూఫోనియం ఆయన లేచి, ఎవరూ ఏమీ చెప్పకుండానే స పట్టారు. మేస్త్రి గారి పదిమంది అందుకున్నారు. తర్వాత మా పిల్లలు. వాన కింద ముప్పైమంది ఒకే స పట్టుకుంటే నేల అదురుతుంది. నేను ఊదను, వట్టి మాస్టారిని. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను, గోడ కూడా అదిరింది.

వాయిద్యం లేని పిల్లలు నలుగురు వచ్చారు కాలనీలోంచి. హార్న్ గారు పూర్ణామార్కెట్లో తోటలకి నీళ్ళు పెట్టే అరంగుళం ప్లాస్టిక్ పైపు కొని పన్నెండడుగుల ముక్కలు కోసి ఉంచారు. ఒక చివర మౌత్‌పీస్, ఇంకో చివర కిరసనాయిలు పోసే గరాటు. దాంతో ఆయన బ్యూగిల్ స్వరాలన్నీ వాయించి చూపించారు. 1956లో లండన్లో డెన్నిస్ బ్రెయిన్ అనే గొప్ప హార్న్ విద్వాంసుడు నీళ్ళ పైపు మీద కచేరీ చేశాడట. ఒక్కో పిల్లాడి తర్వాత మౌత్‌పీస్ సబ్బుతో కడిగి ఇంకొకడికి ఇవ్వడం నా డ్యూటీ.

సింహాచలం సన్నాయి · జులై 13, రాత్రి 10:55

శ్రుతి కలవలేదు, నిజం చెప్పాలి. వాళ్ళు ఎంత స్లైడు లాగినా నా సన్నాయికి అందలేదు. కాబట్టి గణపతిం పాటలో నేను కూర్చుని విన్నాను. తర్వాత ఒక్కడినే వాచస్పతి పావుగంట వాయించాను.

అప్పుడు హార్న్ ఆయన ఒకటి చేసి చూపించారు. వాళ్ళు కుడిచెయ్యి గొట్టం నోట్లో పెట్టుకుంటారు. ఆ అరచేతిని తలుపు చేరేసినట్టు మెల్లగా మూస్తుంటే స్వరం జారుతుంది, దాదాపు అర స్వరం దాకా. తెరిస్తే మళ్ళీ పైకొస్తుంది. గాంధారం మీద నేను వేసిన కంపితాన్ని (స్వరాన్ని ఊపే గమకాన్ని) ఆ అరచేత్తో పట్టడానికి ప్రయత్నించారు. మొదటి నాలుగుసార్లు రాలేదు. అయిదోసారి వచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. మన వీణలో తీగ లాగితే వచ్చే పని ఆయన చెయ్యి మూస్తే వస్తోంది. పాశ్చాత్య వయొలిన్ మన సంగీతంలోకి ఎలా వచ్చిందో, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాన్ని విజయనగరంలో ఏ స్థాయికి తీసుకెళ్ళారో మనకి తెలుసు. హార్న్‌కి అలా కూర్చుని సాధన చేసే మనిషి ఒకరు కావాలి. వారానికోసారి మా ఇంటికి రమ్మన్నాను, వస్తానన్నారు.

శ్రీకాకుళం బాకా · జులై 14, ఉదయం 6:10

ఇంటికొచ్చీసరికి రాత్రి ఒంటిగంట. పశువులకి మేతేసి ఇప్పుడు రాస్తన్నాను. కొమ్ము ఊదించారు. పెదివి నడిమిన కాదు, ఓ పక్కకి పెట్టి ఊదమని యూఫోనియం పెద్దాయన సెప్పారు. మూడోసారికి మోగింది. మా తాత ఊదినట్టే మోగింది. నానింకేం రాయలేను.

కార్నెట్ నేర్చుకుంటున్నా · జులై 14, ఉదయం 9:30

మూడో వరసలో బడి పిల్లల బ్యూగిళ్ళ పక్కన కూర్చున్నాను. నాకు రావాల్సింది రెండు స్వరాలే, రెండూ వచ్చాయి. రెండోసారి వాయించినప్పుడు ఒకచోట లెక్క తప్పితే మేస్త్రి గారు ముందు వరసలోంచి తిరక్కుండానే ట్రంపెట్ మూతి కొంచెం పైకెత్తి నాకు ఎక్కడ ఎత్తుకోవాలో చూపించారు. దుప్పటి తీసేశాను. నిన్న రాత్రి మా ఇంటి హాల్లోనే ఊదాను, ఇంట్లోవాళ్ళు టీవీ కట్టేసి విన్నారు.

అనకాపల్లి బ్యాండ్ మేస్త్రి · జులై 15, రాత్రి 9:45

మా కుర్రాళ్ళు ఆ కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళారు. ఇద్దరు రోజూ చదువుతున్నారు. రెండోసారి వాయించినప్పుడు పాట నడక కొంచెం నెమ్మదించింది, నాకది నచ్చలేదు, ఈసారి డ్రమ్ము ఒకటి పెట్టుకోవాలి. పంక్తిలో వడ్డించినప్పుడు మావాళ్ళు మొదట కూర్చోలేదు, ఎవరో వచ్చి లేపుతారనుకున్నారు. తర్వాత కూర్చున్నారు.

హార్న్ బాబూ, చవితి నిమజ్జనానికి మా ఊళ్ళో ఊరేగింపుంది. మాకు హార్న్ లేదు. వస్తారా? మీ గొట్టం మూతి వెనక్కి చూస్తుంది కదా, ఆ రోజంతా గమనించాను. మిమ్మల్ని చివరి వరసలో పెడితే ఆ శబ్దం దారినపోయేవాళ్ళకి పోతుంది. ముందు వరసలో కుడిపక్కన నడవండి. వెనకున్న డ్రమ్ములవాళ్ళకి మీరే వినబడతారు, లయ జారదు.

మద్దిలపాలెం హార్న్ · జులై 15, రాత్రి 9:51

వస్తాను మేస్త్రి గారూ. నడుస్తూ ఊదడం అలవాటు లేదు, ముందు ఆదివారాలు రెండు మీ దగ్గరికొచ్చి మీ కుర్రాళ్ళతో నడుస్తాను. పాటలు ఏవో చెప్పండి, విని నేర్చుకుంటాను. కోటు మీరిస్తారా, కుట్టించుకోమంటారా?

అనకాపల్లి బ్యాండ్ మేస్త్రి · జులై 15, రాత్రి 9:58

కోటు మాదే. ఛాతీ కొలత పంపండి.